మూడో తరగతిలో మూడు భాషలు, మతాల పాఠం, మాయమైన డ్రాయింగు పీరియడు

మూడోక్లాసు_తల్లి
మా పాప మూడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషు. ఈ ఏడు నుంచి మూడో భాష మొదలుపెట్టారు, దాని లిపి వేరే. వారానికో పీరియడు మతాల గురించి కూడా కొత్తగా చేర్చారు. వీటికి చోటు కావాలి కదా, డ్రాయింగు పీరియడు పోయింది. అడిగితే "తియ్యలేదండీ, ఆర్ట్‌ని అన్ని సబ్జెక్టుల్లో కలిపేశాం" అన్నారు. కలపడం అంటే ఏంటో పాప సంచీ తీసి చూస్తే తెలిసింది. అన్నీ అచ్చు వేసిన గీతల బొమ్మలే. ఒక మతం పాఠానికి దీపం, ఇంకో మతం పాఠానికి నెలవంక, మరో దానికి నక్షత్రం. గీత దాటకుండా రంగు నింపడమే పని. నిరుడు కాగితం చేతికిస్తే తనంతట తనే గుర్రాలు, ఊరేగింపులు, వాన వేసేది. ఇప్పుడు తెల్లకాగితం ఇస్తే "ఏం వెయ్యమంటావ్? ఏ రంగు వెయ్యమంటావ్?" అని నన్నడుగుతోంది. అన్నిటికంటే నాకు బాధగా ఉన్నది ఇదే.

ఎనిమిదేళ్ళ పిల్లకి మూడు భాషలు బరువా? మతాల పాఠం ఈ వయసుకి అవసరమా? బడివాళ్ళని నేను ఏమని అడగాలి? టీచర్లు, తల్లిదండ్రులు ఎవరైనా చెప్పండి.

గడుగ్గాయి_నాన్న
బరువే. ఇంకా అనుమానమా? రెండు భాషలు సరిగ్గా రానీండి ముందు. మతం ఇంట్లో చెప్పుకుంటాం. లెక్కలు, చదవడం, రాయడం గట్టిగా నేర్పితే మిగతావి పిల్లలు పెద్దయ్యాక చూసుకుంటారు.

పలక_బలపం
నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ చెప్పాను. భాషలు మూడా నాలుగా అన్నది కాదు నన్నడిగితే. పిల్ల ఏ భాషలో ఆలోచించి, ఏ భాషలో జవాబు రాయాల్సి వస్తోంది అన్నది చూడాలి.

ఆటస్థలంలో గలగలా మాట్లాడే పిల్ల పాఠంలో వెనకబడితే "భాష వచ్చుగా, చదవడం లేదంతే" అనేస్తాం. జిమ్ కమిన్స్ అని కెనడా పరిశోధకుడు 1979 నుంచీ దీని మీద రాస్తున్నారు. కొత్త భాషలో కబుర్లు చెప్పడానికి రెండేళ్ళు సరిపోతే, అదే భాషలో పాఠం అర్థం చేసుకుని, కారణాలు చెప్పి, రాయడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. అంటే మీ పాప ఇంగ్లీషులో టకటకా మాట్లాడుతున్నా, "ఆవిరి ఎందుకు నీరవుతుంది" అన్నది ఆ భాషలో వివరించడం ఇంకా నేర్చుకుంటూనే ఉంది. అందులో లోపం ఏమీ లేదు, ఆ వయసే అంత.

ఇంటి భాషలో బలం ఉన్న పిల్ల రెండో భాషలోకి ఆ బలాన్ని తీసుకెళ్తుంది. కథకి మొదలు, మలుపు, ముగింపు ఉంటాయని తెలుగులో తెలిసిన పిల్ల దాన్ని ఇంగ్లీషులో మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు, మాటలు నేర్చుకుంటే చాలు. తల్లిభాషే బోధనకి మేలైన మాధ్యమం అని యునెస్కో 1953లోనే చెప్పింది. ఇంటి భాష మానేసి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్ళ మాట మాత్రం వినకండి.

గడుగ్గాయి_నాన్న
పలక_బలపం గారూ, ఇది నా వాదనకే బలం కదా. ఉన్న రెండిటికే ఏడేళ్ళు పడితే మూడోది ఎందుకు?

రెండు_భాషలిల్లు
నేను గడుగ్గాయి గారి వైపే, కానీ కారణం వేరు. మా ఇంట్లో నాదో భాష, మా ఆవిడదో భాష. పిల్లలు రెండూ మాట్లాడతారు, కలిపీ మాట్లాడతారు, ఎవరితో ఏది మాట్లాడాలో రెండేళ్ళ వయసు నుంచే తెలుసు వాళ్ళకి. కాబట్టి బుర్రలో చోటు చాలదన్న భయం నాకు లేదు.

"చిన్నప్పుడు మొదలుపెడితే తొందరగా వస్తుంది" అన్న మాట మాత్రం బడి విషయంలో నిజం కాదు. రోజంతా ఆ భాష వినిపించే చోట పెరిగే పిల్లల సంగతి వేరు. వారానికి మూడు పీరియడ్లు వినే పిల్లల సంగతి వేరు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో కార్మెన్ మున్యోజ్ బృందం దీన్నే చూసింది. ఎనిమిదేళ్ళకి ఇంగ్లీషు మొదలుపెట్టినవాళ్ళనీ, పదకొండేళ్ళకి మొదలుపెట్టినవాళ్ళనీ ఇద్దరూ సమానంగా అన్నే గంటలు చదివాక పోల్చితే పెద్ద పిల్లలే ముందున్నారు. పెద్ద పిల్లలకి వ్యాకరణం పట్టుకునే తెలివి ఉంటుంది. అందుకని రెండేళ్ళు ఆగి మొదలుపెట్టినా పోయేదేం లేదు.

పలక_బలపం
ఆ పరిశోధన నాకూ తెలుసు. అయితే అందులో కొలిచింది ఎక్కువగా పరీక్షలో కనిపించేదే. మూడో తరగతిలో మూడో భాష పెట్టడానికి ఒక మంచి కారణం ఉంది: చెవి. కొత్త శబ్దాలు పలకడానికి చిన్నపిల్లలు సిగ్గుపడరు. పాటలు, పలకరింపులు, ఆటలో చెప్పే ఆజ్ఞలు, చిన్న చిన్న నాటికలు, ఇంతవరకే పరిమితం చేస్తే అది బరువు కాదు, సరదా. ఆ భాషలో చూచిరాత, డిక్టేషను, యూనిట్ టెస్టు అన్నారంటే అప్పుడు నేనూ మీతో కలిసి వద్దంటాను.

మూడోక్లాసు_తల్లి గారూ, మీ పాపకి మూడో భాషలో రాత పరీక్ష ఉందా?

మూడోక్లాసు_తల్లి
ఉందండీ. అక్షరాలు మొత్తం మొదటి టర్మ్‌లోనే అయిపోవాలట.

నీలిసిరా
అక్కడే వచ్చింది చిక్కు. ఇంగ్లీషు లిపికీ మన లిపులకీ తేడా బడివాళ్ళు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇంగ్లీషుకి 26 అక్షరాలు చాలు (స్పెల్లింగు బాధ తర్వాత మొదలవుతుంది, అది వేరే గోల). తెలుగు, కన్నడం లాంటి లిపుల్లో అక్షరమాల అయ్యాక అసలు పని మొదలు. ప్రతి హల్లుకీ గుణింతం, ఆపైన ఒత్తులు, ఆపైన ఒత్తు కింద, గుణింతం గుర్తు పైన. వందల రూపాలు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. నాలుగో తరగతిలో కూడా పిల్లలు అక్షర రూపాలు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారని అందులో తేలింది. ఒకటో తరగతిలోనే లిపి అయిపోవాలని మనం అనుకుంటాం, పిల్లలేమో నాలుగేళ్ళు తీసుకుంటున్నారు. అదే సహజం.

అలాంటిది ఒక టర్మ్‌లో ఇంకో కొత్త లిపి మొత్తం అంటే, పిల్ల ఆకారాలు గుర్తుపెట్టుకుంటుంది కానీ చదవదు.

మౌనవ్రతం
మా వాడు మూడో భాష పాఠం మొత్తం గడగడా చదువుతాడు. అర్థం అడిగితే "అది పరీక్షలో రాదు" అంటాడు.

నీలిసిరా
మౌనవ్రతం గారూ, మీరు నవ్వుతూ రాసినా అసలు విషయం అదే. అర్థం లేకుండా చదవడం అలవాటైతే సొంత భాష పుస్తకం కూడా అలాగే చదువుతారు.

కుంచె
భాషల మీద మీరంతా బాగా రాశారు. నేను బొమ్మల సంగతికి వస్తాను, అసలు ఫిర్యాదు అదే కదా.

నేను ఆర్ట్ టీచర్ని. "ఏ రంగు వెయ్యమంటావ్" అని పిల్ల అడిగిందని చదివి మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఈ ప్రశ్న పిల్లలకి పుట్టుకతో రాదు, మనం నేర్పితే వస్తుంది. అచ్చు బొమ్మకి రంగు నింపడంలో పిల్ల తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటి కూడా లేదు. ఎంత పెద్దగా వెయ్యాలి, కాగితంలో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు ఏది వెనక, ఏది వదిలెయ్యాలి, ఇవన్నీ ఎవరో పెద్దవాళ్ళు ముందే తేల్చేశారు. మిగిలింది చేతి ఓపిక. చెయ్యి కుదురుతుందని కొందరు అంటారు, నిజమే, కొంచెం కుదురుతుంది. దానికి చిత్రకళ అని పేరు పెట్టొద్దు.

ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల బొమ్మలు ఎంత ఆలోచనతో ఉంటాయో చాలామందికి తెలీదు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పిల్లల బొమ్మల దశలు రాశారు, ఇప్పటికీ ఆర్ట్ టీచర్లం అవే మాట్లాడుకుంటాం. రెండు నుంచి నాలుగేళ్ళు పిచ్చిగీతలు. నాలుగు నుంచి ఏడు, గుండ్రటి తలకి నేరుగా కాళ్ళు తగిలించిన మనుషులు. ఏడు దాటాక కాగితం అడుగున ఒక నేలగీత పడుతుంది, మనుషులు, చెట్లు, ఇళ్ళు అన్నీ దాని మీద నిలబడతాయి. పైన ఆకాశం ఒక నీలి పట్టీ, మధ్యలో ఖాళీ. ఆ నేలగీత వచ్చిందంటే పిల్లకి "ఇవన్నీ ఒకే చోట ఉన్నాయి, నేనూ అక్కడే ఉన్నాను" అన్న లెక్క తెలిసిందన్నమాట. అదే వయసులో గోడ ఉన్నా ఇంటి లోపలి మనుషులు కనిపించేలా వేస్తారు. ముఖ్యమైనవాళ్ళని పెద్దగా వేస్తారు. తొమ్మిది దాటాక "నాకు సరిగ్గా రావడం లేదు" అన్న సంకోచం మొదలవుతుంది, చాలామంది అక్కడే బొమ్మలు మానేస్తారు. అంటే మీ పాపకి స్వేచ్ఛగా గీసే కాలం ఇంకా ఎంతో లేదు. ఆ కాలంలోనే పీరియడు తీసేశారు.

గడుగ్గాయి_నాన్న
ఇది నాకు కొత్త విషయం. మావాడు వేసిన బస్సులో నాలుగు చక్రాలూ ఒకే వైపు ఉంటాయి, లోపల అందరి కాళ్ళూ కనిపిస్తాయి. మా కుటుంబం బొమ్మలో అందరికంటే పెద్దది కుక్క. మా అత్తగారు మూలన వేలెడంత. ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటారు, నేనెక్కడ్రా అని.

కుంచె
గడుగ్గాయి గారూ, మూల అంటే మూల కాదు లెండి, అమ్మమ్మకి మిగిలిన చోటు అది. బస్సు బొమ్మ మాత్రం దాచండి. బస్సుకి నాలుగు చక్రాలుంటాయని వాడికి తెలుసు, తెలిసింది వేశాడు. కంటికి కనిపించేది వెయ్యడం తర్వాతి దశ. "రెండే వెయ్యాలిరా" అని దిద్దకండి.

రాగమాలిక
సంగీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. హంగరీలో జొల్తాన్ కొదాయ్ అనే సంగీతకర్త చొరవతో 1950లో కెచ్‌కెమేట్ అనే ఊళ్ళో రోజూ పాట ఉండే ప్రాథమిక బడి పెట్టారు. వాద్యాలు అక్కర్లేదు, గొంతు చాలు అన్నది ఆయన పద్ధతి. స్వరాలకి చేతి సైగలు, పిల్లలకి ముందే తెలిసిన జానపద గీతాలతో మొదలు. పరాయి భాష నేర్పడానికి కూడా పాటని మించిన సాధనం లేదు. తరగతిలో నోరు విప్పని పిల్ల బృందగానంలో గొంతు కలుపుతుంది, తను ఒంటరిగా దొరికిపోతానన్న భయం ఉండదు కాబట్టి.

నీలిసిరా
సంగీతం వింటే తెలివి పెరుగుతుందని కూడా అంటారు కదా, మా బడిలో భోజనం వేళ వాద్యసంగీతం పెడుతున్నారు.

రాగమాలిక
ఆ ప్రచారానికి మూలం 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన చిన్న పరిశోధన. చేసింది కాలేజీ విద్యార్థుల మీద, పసిపిల్లల మీద కాదు. మోజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం విన్నాక ఆకారాలకి సంబంధించిన ఒక పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు, ఆ ప్రభావం పది పదిహేను నిమిషాల్లో పోయింది. దాని మీద ఇంత వ్యాపారం లేచింది. సంగీతం సంగీతం కోసమే నేర్పాలండీ. లెక్కల మార్కులు పెరుగుతాయని చెప్పి నేర్పిస్తే, రేపు మార్కులు పెరగలేదని తీసేస్తారు.

కుంచె
రాగమాలిక గారి చివరి వాక్యం మా స్టాఫ్ రూములో అంటించాలి. బొమ్మల పీరియడుకి సరిగ్గా అదే జరిగింది. "ఆర్ట్ వల్ల సైన్సు బాగా అర్థమవుతుంది" అంటూ లోపలికి తెచ్చారు, చివరికి సైన్సు పటాలకి రంగు వెయ్యడం దాకా దిగజార్చారు.

ప్రశ్నార్థకం
మతం పాఠం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతా. మాకు మతం లేదు. పిల్లకి మేం ఏదీ నేర్పలేదు, పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. ఫ్రాన్స్‌లో 1882 చట్టంతోనే ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మతబోధన తీసేశారు. కావలసినవాళ్ళు బయట చెప్పించుకోవడానికి ఆదివారం కాక వారంలో ఇంకో రోజు సెలవిచ్చారు. ఎంత శుభ్రమైన పద్ధతి! బడి పని బడిది, ఇంటి పని ఇంటిది. ఎనిమిదేళ్ళ పిల్లకి టీచరు చెప్పిందల్లా నిజమే. అందరి నమ్మకాలూ వరసగా వింటే ఏది నిజమో ఎలా తేల్చుకుంటుంది?

చంద్రవంక_అమ్మ
ప్రశ్నార్థకం గారూ, మీ మాట గౌరవిస్తాను కానీ ఒప్పుకోను. మా బాబు క్లాసులో మా మతం పిల్లాడు వాడొక్కడే. మతం ఊసే లేని బడిలో చదివినప్పుడు కూడా వాడి పేరు గురించి, వాళ్ళ నాన్న టోపీ గురించి మిగతా పిల్లలు అడుగుతూనే ఉన్నారు. కొన్ని ప్రశ్నలు మామూలువి, కొన్ని ఎవరో పెద్దవాళ్ళ దగ్గర విని వచ్చినవి. బడి మాట్లాడకపోతే పిల్లలు మాట్లాడుకోకుండా ఉండరు. సరిగ్గా తెలిసిన మనిషి చెప్పడం మేలు కదా.

అయితే ఆ పాఠం వచ్చిన రోజు మా బాబుని లేపి "నువ్వు చెప్పు, మీరేం చేస్తారు" అన్నారట. ఎనిమిదేళ్ళవాడు. వాడికి తెలిసింది ఎంత? ఏం చెప్పాలో తెలీక ఏడ్చాడు. ఇంటికొచ్చి "నాకు మన మతం సరిగ్గా రాదు" అన్నాడు. దయచేసి టీచర్లెవరైనా చదువుతుంటే, ఒక పిల్లాడిని ఒక మతానికి ప్రతినిధిని చెయ్యకండి.

పలక_బలపం
చంద్రవంక గారూ, మీరు చెప్పినది ప్రతి టీచరూ వినాలి. చెప్తానని తనంతట తను చెయ్యెత్తితే సంతోషం. పేరు చూసి లేపడం తప్పు.

చట్టం_చదివినోడు
కొంచెం స్పష్టత కోసం. మతం నేర్పడం వేరు, మతాల గురించి నేర్పడం వేరు. చాలా దేశాల చట్టాలు ఈ గీత గీశాయి. భారత రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే సంస్థలో అయితే మైనరు పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధనకి గానీ ఆరాధనకి గానీ కూర్చోబెట్టకూడదు. మతాల గురించి సమాచారంగా చెప్పడాన్ని ఈ నిషేధం అడ్డుకోదని సుప్రీం కోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. అమెరికా సుప్రీం కోర్టు కూడా 1963లో ప్రభుత్వ బడుల్లో బైబిలు పఠనం చెల్లదంటూనే, మతాల గురించి చదువులో భాగంగా చెప్పడాన్ని తప్పుపట్టలేదు.

ఇంగ్లండులో మతవిద్య తప్పనిసరి, అయినా తల్లిదండ్రులు పిల్లల్ని ఆ పీరియడు నుంచి తప్పించవచ్చు. వేల్స్‌లో 2022 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఆ సబ్జెక్టు పేరే 'మతం, విలువలు, నీతి' అని మార్చి, మతం లేనివాళ్ళ దృక్పథాలనీ అందులో చేర్చారు, తప్పించే హక్కు మాత్రం తీసేశారు. ఫిన్‌లాండులో పిల్లలు తమ తమ మతం గురించి విడివిడిగా చదువుతారు, ఏ మతానికీ చెందనివాళ్ళకి నీతిశాస్త్రం లాంటి వేరే సబ్జెక్టు.

ప్రశ్నార్థకం
కాగితం మీద గీత బాగానే ఉంటుంది. తరగతిలో టీచరు "కళ్ళు మూసుకోండి, చేతులు జోడించండి, ఎలా ఉంటుందో చూద్దాం" అంటే అది ఏ వైపుకి వస్తుంది? మా పాపకి అదే జరిగింది.

చట్టం_చదివినోడు
అది గీత దాటినట్టే. ప్రార్థన ఎలా చేస్తారో చెప్పడం సమాచారం, చేయించడం ఆచరణ. రాసి ఇవ్వండి, మౌఖికంగా వద్దు.

విశ్రాంత_హెచ్చెమ్
ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి దిగిన మనిషిని. మా బడిలో మూడు మతాల పిల్లలు, ఏ మతం లేని పిల్లలు కూడా ఉండేవారు. టీచర్లకి నేను ఒక్కటే చెప్పేవాణ్ణి. వాక్యం "దేవుడు ఇలా చేశాడు" అని మొదలవకూడదు, "ఈ మతం వాళ్ళు ఇలా నమ్ముతారు" అని మొదలవాలి. పాఠం చెప్పే టీచరు మతానికీ ఇదే లెక్క. తన మతం దగ్గరికి వచ్చేసరికి "మనం" అనేస్తారు, మిగతావాళ్ళు "వాళ్ళు" అయిపోతారు. ఆ ఒక్క మాటతో క్లాసులో కొందరు పిల్లలు బయటివాళ్ళవుతారు. నేను వెనక బెంచీలో కూర్చుని వినేవాణ్ణి, ఎక్కువగా ఇది వినడానికే.

రెండోది, ఈ వయసులో సిద్ధాంతాల జోలికి పోకూడదు. కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి చాలు. ప్రార్థనా స్థలం ఎలా కడతారు, లోపలికి వెళ్ళే ముందు ఏం చేస్తారు, పుస్తకాన్ని ఎలా పట్టుకుంటారు, ఏ పాట పాడతారు. "ఏది నిజం" అని పిల్ల అడిగితే "దీని మీద పెద్దవాళ్ళకే ఒక అభిప్రాయం లేదమ్మా, మీ ఇంట్లో వాళ్ళని కూడా అడుగు" అంటే సరిపోతుంది. పిల్లలకి అది చాలు, నన్ను నమ్మండి. తృప్తి చాలనిది పెద్దవాళ్ళకే.

ప్రశ్నార్థకం
హెచ్చెమ్ గారు చెప్పిన పద్ధతిలో అయితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం: నమ్మనివాళ్ళు కూడా మంచి చెడు ఆలోచిస్తారని ఆ పాఠంలో ఒక్క మాటైనా ఉండాలి. లేకపోతే విలువలంటే మతం ఉన్నవాళ్ళవే అని మా పాప అనుకుంటుంది.

విశ్రాంత_హెచ్చెమ్
న్యాయమైన మాట. వేల్స్ వాళ్ళు చేసింది అదేనని పైన రాశారుగా.

చంద్రవంక_అమ్మ
బొమ్మలకీ మతానికీ సంబంధించి ఒక సందేహం. ఒకసారి మా బాబుకి "మీ ప్రవక్త బొమ్మ వెయ్యి" అని హోంవర్కు వచ్చింది. చెడు ఉద్దేశంతో ఇచ్చింది కాదు, మా ఇళ్ళల్లో ప్రవక్త బొమ్మ వెయ్యరని తెలియక ఇచ్చారు. మేం వెళ్ళి చెప్తే వెంటనే మార్చారు. కొన్ని కుటుంబాల్లో ప్రాణుల బొమ్మలు అసలు వెయ్యరు, కొందరు వేస్తారు, మేం వేస్తాం. ముందుగా ఒక్క మాట అడిగితే బాగుంటుంది. అలాగని మావాడిని డ్రాయింగు నుంచి పక్కన కూర్చోబెట్టడం కూడా నాకిష్టం లేదు.

కుంచె
చంద్రవంక గారూ, పక్కన కూర్చోబెట్టనక్కర్లేదు, అక్కడే అసలైన పాఠం ఉంది. నేను నాలుగో తరగతికి చేసింది చెప్తాను. మసీదుల గోడల మీద రేఖాగణిత అలంకారాల ఫొటోలు చూపించాను. ఒక చతురస్రం గీయించి, దాని మీద అదే కొలత చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి పెట్టించాను. ఎనిమిది కొనల నక్షత్రం వచ్చింది. దాన్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతే మధ్యలో ఇంకో ఆకారం దానంతటదే పుట్టింది. "టీచర్, అది మనం వెయ్యలేదు!" అని ఒకడు కేక పెట్టాడు. తర్వాత చర్చి కిటికీల రంగుటద్దాలు, వాటిలో గుండ్రటి పూవు ఆకారాలు. ఆ తర్వాత టిబెట్ బౌద్ధ భిక్షువులు రంగు ఇసుకతో రోజుల తరబడి మండలం అనే పెద్ద బొమ్మ వేసి, పూర్తయ్యాక తుడిచేస్తారని చెప్పాను. "ఎందుకు తుడిచేస్తారు?" అని ముప్పై నోళ్ళు ఒకేసారి. ఆ ప్రశ్న మీద మిగిలిన పీరియడంతా మాట్లాడుకున్నారు, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు.

ఇందులో లెక్కలున్నాయి, మతం ఉంది, భాష ఉంది. అయినా అది బొమ్మల పీరియడే. నిర్ణయాలన్నీ పిల్లలవి. కలపడం అంటే ఇలా ఉండాలి, కలిపినా బొమ్మలకంటూ ఒక పీరియడు మిగలాలి.

మౌనవ్రతం
తుడవమంటే మీ పిల్లలు తుడిచారా మరి?

కుంచె
సుద్దముక్కలతో నేల మీద వేశారు, ఫొటో తీసుకున్నాక తుడుస్తామన్నారు. ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు, వాళ్ళవి అలాగే వదిలేశాం.

మూడోక్లాసు_తల్లి
ఇవన్నీ చదివి నిన్న క్లాస్ టీచరు గారితో మాట్లాడాను. ఆవిడ మంచి మనిషి. "అచ్చు బొమ్మలు నాకూ ఇష్టం లేదండీ, నలభై మందికి ఒక్క పీరియడులో అందరి పనీ అయిపోవాలి, గోడ మీద పెట్టాలి, తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూడటానికి నీటుగా ఉండాలి" అన్నారు. పోయినసారి స్వేచ్ఛగా వేయించిన బొమ్మలు గోడకి పెడితే ఇద్దరు తల్లులు "మా పిల్లకి ఏం నేర్పుతున్నారు, పిచ్చిగీతలా" అని అడిగారట. నేనేం మాట్లాడలేకపోయాను.

పలక_బలపం
ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గోడ కోసం చదువు చెప్పే పరిస్థితికి తల్లిదండ్రులం కూడా కారణమే. మీరు ఆవిడ పక్షాన నిలబడండి. "పిల్లలు సొంతంగా వేసినవి పెట్టండి, కింద ఆ బొమ్మ గురించి పిల్ల చెప్పిన రెండు వాక్యాలు రాసి పెట్టండి" అని అడగండి. ఆ వాక్యాలు ఉంటే ఏ తల్లీ పిచ్చిగీతలనదు. ఆ వాక్యాలు ఇంటి భాషలో ఉన్నా ఫరవాలేదని కూడా చెప్పండి.

గడుగ్గాయి_నాన్న
పీరియడు మళ్ళీ రావాలంటే మార్కులు పెట్టించాలేమో. మార్కుల్లేని సబ్జెక్టుని బడులు పట్టించుకోవు.

కుంచె
మార్కులు వద్దు గడుగ్గాయి గారూ. మీవాడి నాలుగు చక్రాల బస్సుకి పదికి ఎన్ని వేస్తారు? మార్కులు వచ్చిన మర్నాటి నుంచి టీచరు వేసిన బొమ్మనే అందరూ కాపీ కొడతారు. ఏడాది పొడుగునా వేసినవి తేదీలతో ఒక ఫైల్లో పెడితే ఎదుగుదల దానంతటదే కనిపిస్తుంది.

గడుగ్గాయి_నాన్న
ఫైలు మాట బాగుంది. అయినా సరే, మూడో భాష విషయంలో నా మాట మారదు. నాలుగో తరగతి దాకా ఆగాలి.

రెండు_భాషలిల్లు
రాత ఆగాలి, చెవికి వినిపించడం ఆగక్కర్లేదు. పలక_బలపం గారితో నేను అక్కడిదాకా వచ్చాను.

నీలిసిరా
ఒక పని చేసి చూడొచ్చు, భాష, నాటకం, బొమ్మ మూడూ కలుస్తాయి. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక కథ విని రావాలి, ఇంటి భాషలో. క్లాసులో దాన్ని ముగ్గురు నలుగురు కలిసి ఆడాలి, ఏ భాష ఎంత వస్తే అంత. తర్వాత బొమ్మలు వేసి కింద బడి భాషలో ఒక్కో వాక్యం. హార్వర్డులో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లండ్ కళల ప్రభావం మీద వచ్చిన పాత పరిశోధనలన్నీ కలిపి 2000లో లెక్క తేల్చారు. కళల వల్ల చదువు బాగుపడుతుందన్న చాలా వాదనలకి ఆధారం బలంగా లేదన్నారు. గట్టిగా నిలిచిన కొద్దివాటిలో ఒకటి, తరగతిలో కథని ఆడించడం వల్ల మాట, చదువు, అవగాహన మెరుగుపడటం.

రాగమాలిక
మధ్యలో పాట పెడితే ఇంకా బాగుంటుంది, నీలిసిరా గారూ. కథకి ఒక పల్లవి ఉంటే సిగ్గరి పిల్లలు కూడా అక్కడ అందుకుంటారు.

మూడోక్లాసు_తల్లి
వచ్చే వారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. మూడో భాషకి ఈ ఏడు రాత పరీక్ష వద్దని, వారానికి ఒక్కటైనా బొమ్మల పీరియడు విడిగా కావాలని, మతాల పాఠంలో పిల్లల్ని పేరు చూసి లేపొద్దని అడగబోతున్నాను. ఇంకో ముగ్గురు తల్లులు నాతో వస్తామన్నారు, అందులో పిచ్చిగీతలన్నావిడ కూడా ఉన్నారు. ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.

ఈలోగా నీలిసిరా గారిని ఒకటి అడగాలి. పాప రెండు లిపులూ కలగలిపేస్తోంది, తెలుగు మాటలో ఆ కొత్త అక్షరం రాసేస్తోంది. ఇంట్లో ఏం చెయ్యాలి?

నీలిసిరా
కంగారు పడకండి, రెండు లిపులు దగ్గర దగ్గరగా నేర్చుకునే పిల్లల్లో ఇది మామూలే. రెండిటికీ ఒకే రోజు రాత పెట్టకండి. వేరే రంగు నోటుబుక్కులు వాడండి. తప్పు రాసినప్పుడు కొట్టేసి దిద్దకుండా, ఆ మాటని పైకి చదవమనండి, చాలాసార్లు తనే ఆగి చూసుకుంటుంది. తెలుగు మాత్రం రోజూ కాసేపు మీరు చదివి వినిపించండి, వేలు పెట్టి. పాప వేసిన గుర్రం బొమ్మ కింద గుర్రం పేరు తెలుగులో తననే రాయమనండి, ఒత్తు తప్పినా సరే.